వెన్న చిలికిన పాఠకురాలు

చిన్నప్పుడు ప్రాణంగా చదువుకున్న కథల కోసం, పెద్దయ్యాక ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళను మీరేమంటారు? పిచ్చి అంటారా, భక్తి అంటారా? ఈ ప్రశ్న మీద ఒక ఆదివారం సాయంత్రం శ్రీరంగాపూర్‌లో మా ఇంట పెద్ద చర్చే జరిగింది. రంగసముద్రం గాలికి షికారు వచ్చి, రంగనాయకస్వామి దర్శనం చేసుకొని, కాఫీకి ఆగిన ఇరుగుపొరుగువారే సభాసదులు.

చర్చకు కారణం నేను చదివిన ఒక ఇంగ్లీషు పుస్తకం. వెండీ మెక్‌క్లూర్ అనే అమెరికా రచయిత్రి 2011లో ప్రచురించిన ‘ది వైల్డర్ లైఫ్’. లారా ఇంగల్స్ వైల్డర్ తన బాల్యాన్ని ఆధారం చేసుకొని 1932 నుంచి 1943 దాకా వెలువరించిన ‘లిటిల్ హౌస్’ కథలంటే వెండీకి చిన్నతనంలో ప్రాణం. పెద్దయ్యాక ఆ కథల్లోలాగా తానూ వెన్న చిలకాలని కవ్వం కొని తెప్పించుకున్నది. లారా కుటుంబం బతికిన ఊళ్ళు తిరిగింది. గుడారపు బండిలో ఒక రాత్రి పడుకున్నది. చివరికి, చనిపోయిన తన తల్లి మీది బెంగ కూడా ఆ వెతుకులాటలో కలిసి ఉన్నదని గ్రహించింది.

ఇంతవరకు చెప్పానో లేదో, పక్కింటి ఇల్లాలు నవ్వేసింది. “వెన్న చిలికినందుకు పుస్తకమా సార్? మా అత్తమ్మ నలభై ఏండ్లు చిలికింది. ఆమె మీద ఒక్క అక్షరం ఎవరూ రాయలే!”

రిటైరయిన మాస్టారు ఒప్పుకోలేదు. “చిలికింది వెన్న కోసం కాదమ్మా. తల్లి దగ్గరున్న రోజుల కోసం,” అన్నారు.

డిగ్రీ చదివే అమ్మాయి అసలు చిక్కు ముడి విప్పింది. “ఆ ఇల్లు కట్టిన నేల ఎవరిది సార్?” మంచి ప్రశ్న. కాన్సాస్‌లో లారా తండ్రి ఇల్లు వేసినది ఓసేజ్ తెగవారి భూమిలో. ఆదివాసులను ఆ కథలు చిత్రించిన తీరు మీద ఆక్షేపణలు వచ్చి, 1954లో లారా పేరిట నెలకొల్పిన బాలసాహిత్య బహుమతికి 2018లో ఆ పేరు తీసివేశారు. “అయితే మనం ప్రేమించిన పుస్తకాన్ని నిలదీయాలి కూడా,” అన్నది అమ్మాయి. మాస్టారు తల ఊపారు.

ఇంతసేపూ మాట్లాడని కిరాణా కొట్టు పెద్దాయన లేచి, వీధి చివరనున్న ఇంటికి వెళ్ళి, అట్ట చినిగిన బైండు పుస్తకం పట్టుకొచ్చాడు. చందమామలోంచి నెలనెలా చింపి కుట్టించిన ‘శిథిలాలయం’ సీరియల్! శిఖిముఖీ, విక్రమకేసరీ, చిత్రా గారి బొమ్మలూ.

“వెన్న కత నాకు ఎరుక లేదు సార్. ఇది రాసినాయన పేరేంది? చిన్నప్పటి సంది అడుగుతున్న, ఎవరూ చెప్పలే.”

నిజమే. ఆ సీరియల్స్ మీద రచయిత పేరు ఉండేది కాదు. నేను చెప్పాను: “దాసరి సుబ్రహ్మణ్యం గారు. ‘తోకచుక్క’, ‘జ్వాలాద్వీపం’, ‘పాతాళదుర్గం’ కూడా ఆయనవే.”

విచిత్రం చూడండి. ‘తోకచుక్క’ మొదలయిందీ 1954లోనే. అక్కడ రచయిత్రి పేరు బహుమతికెక్కిన ఏడే, ఇక్కడ పేరు లేని కథకుడు పిల్లలకు నెల రోజులు నిద్ర పట్టకుండా చేయడం మొదలుపెట్టాడు. ఆయన చందమామలో అర్ధ శతాబ్దం పనిచేసి, 2010లో కన్నుమూశారు. ఆయన పేరు నలుగురి నోళ్ళలో నానిందంటే, పాత సంచికలు దాచుకొని, వెతికి, ఆ జ్ఞాపకాలను రాసిన అభిమానుల చలవ చాలా ఉన్నది. ఆ సీరియల్స్ తరువాత పుస్తకాలుగా కూడా వచ్చాయి.

పెద్దాయన కాసేపు ఊరుకున్నాడు. “బతికుండంగ తెలిస్తే ఒక్క కార్డు ముక్కన్నా రాసేవాణ్ణి సార్.”

ఆ మాటకు ఎవరమూ బదులు చెప్పలేకపోయాం. అభిమాని జ్ఞాపకాలు రాస్తే కాలక్షేపమనుకుంటాం. ఒక్కొక్కప్పుడు అది అందవలసిన చేతికి ఆలస్యంగా అందిన ఉత్తరం. నిలదీయవలసింది నిలదీయాలి. కాని బాకీ కూడా తీర్చాలి కదా!

డిగ్రీ అమ్మాయి కలం అడిగి తీసుకొని, ఆ బైండు మొదటి పేజీలో గుండ్రని అక్షరాలతో ‘రచన: దాసరి సుబ్రహ్మణ్యం’ అని రాసింది. పెద్దాయన సిరా ఆరేదాకా పుస్తకం మూయలేదు.

పక్కింటి ఇల్లాలు వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది. “సార్, మా అత్తమ్మ కవ్వం అటక మీద ఉన్నది. రేపు దించి చూస్త,” అన్నది. ఈసారి నవ్వలేదు.