తెరుచుకోని వీడియోను తుడిచేయకండి

ఇబ్రహీంపట్నం వైపు గానీ మరెక్కడ గానీ, కృష్ణ ఒడ్డున బాప్తిస్మములు జరిగిన రోజున ఎన్ని ఫోన్లు పైకి లేస్తాయో మనకు తెలుసు. ఒకరిది ఐఫోన్, ఇంకొకరిది ఆండ్రాయిడ్. పెళ్ళి వీడియోలు తీసే సహోదరుడు ఉంటే ఆయన కెమెరా వేరు. సాయంత్రానికి అవన్నీ సంఘపు కంప్యూటరులో చేరతాయి. ఎడిటింగ్‌కు కూర్చున్న యౌవనస్థుడికి కొన్ని ఫైళ్లు తెరుచుకోవు, కొన్నిట్లో మాట వినబడుతుంది గానీ తెర నల్లగా ఉంటుంది. "ఫైల్ కరప్ట్ అయింది బ్రదర్" అంటాడు. ఆ మాట నమ్మి మెమరీ కార్డు ఫార్మాట్ చేసేస్తారు. నిద్రించిన ఒక తల్లి చివరి సాక్ష్యము అందులో ఉంటే, అది మళ్ళీ దొరకదు.

ఇలా తెరుచుకోని ఫైళ్లలో చాలావరకు చెడిపోయినవి కావు. అట్ట మీద పరిశుద్ధ గ్రంథము అని ఉంది, లోపల తమిళం ఉంది అనుకోండి. చదవడం మనకు రాదు, అంతే. పుస్తకం చిరగలేదు. ఎంపీ4, ఎంఓవీ, ఎంకేవీ అన్నవి అట్టలు. లోపలి భాషను కోడెక్ అంటారు. కుదించకుండా దాచితే ఫుల్ హెచ్‌డీ వీడియో గంటకు 600 జీబీ దాటుతుంది, అందుకే ఈ భాషలు పుట్టాయి. 2003లో వచ్చిన హెచ్.264 దాదాపు ప్రతి సాఫ్ట్‌వేరుకూ అర్థమవుతుంది. 2013లో వచ్చిన హెచ్.265, అంటే హెచ్ఈవీసీ, దాదాపు సగం చోటులోనే సరిపెడుతుంది. 2017 నుండి ఐఫోన్లు మామూలుగా దీనిలోనే తీస్తున్నాయి. దీనికి పేటెంటు రుసుములున్నాయి గనుక చాలా విండోస్ కంప్యూటర్లలో ఇది ముందుగా ఉండదు. చిక్కంతా ఇక్కడే.

మొదట ఆ ఫైలును వీఎల్‌సీలో తెరవండి. అది తన కోడెక్‌లను తనతోనే తెచ్చుకుంటుంది. అందులో ఆడితే ఫైలు క్షేమమే. టూల్స్ మెనూలో కోడెక్ ఇన్ఫర్మేషన్ నొక్కితే లోపలి భాష పేరు కూడా కనబడుతుంది.

తరువాత హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో దానిని హెచ్.264 ఎంపీ4గా మార్చుకోవాలి. అక్కడ ఫ్రేమ్‌రేట్ దగ్గర కాన్‌స్టంట్ అన్నది ఎంచుకోవడం మరువకండి. ఫోన్లు వెలుతురును బట్టి సెకనుకు తీసే బొమ్మల లెక్కను మారుస్తుంటాయి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేరు ఆ లెక్క తప్పుతుంది. నలభై నిమిషాల ప్రసంగములో చివరికి వచ్చేసరికి కాపరి పెదవులు ఒక చోట, మాట ఒక చోట ఉండడానికి తరచు కారణం ఇదే. మైకును తిట్టి లాభం లేదు. పాత హ్యాండీక్యామ్‌ల ఎంటీఎస్ ఫైళ్లకైతే చాలాసార్లు అట్ట మారిస్తే చాలు. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ ఆ పని నాణ్యత తగ్గకుండా కొద్ది నిమిషాల్లో చేస్తుంది.

ఫైలు పేరు చివరి అక్షరాలు మార్చి చూడడం వృథా, అట్ట మీద పేరు మార్చినంత మాత్రాన లోపలి భాష మారదు. ఎవరిదో తెలియని సైటులో దొరికే కోడెక్ ప్యాకులు వద్దు, వాటితో వైరస్ రావచ్చు. ఆన్‌లైన్‌లో మార్చిపెట్టే సైట్ల విషయంలో నా అభ్యంతరం వేరు. ఒక సహోదరి తన రోగము గురించి, ఇంటి కలహము గురించి సంఘము మధ్య కన్నీళ్లతో చెప్పిన సాక్ష్యమును ఎవరి సర్వరులోనో పెట్టే హక్కు మనకు లేదు.

నిజంగా చెడిపోయే ఫైళ్లూ ఉన్నాయి. రికార్డింగ్ మధ్యలో కరెంటు పోతే ఎంపీ4 సాధారణంగా తెరుచుకోదు, ఎందుకంటే దాని విషయసూచిక చివరిలో రాయబడుతుంది. ఆరాధనను ఓబీఎస్‌తో రికార్డు చేసే సంఘాలు ఎంకేవీలో తీయడం మేలు. ఆగిపోయినంతవరకు దక్కుతుంది. తరువాత అందులోనే రీమక్స్ చేసి ఎంపీ4 చేసుకోవచ్చు.

ఐఫోన్ ఉన్నవారు సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్‌లోకి వెళ్ళి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకుంటే సగం శ్రమ తప్పుతుంది. ఎడిటింగ్ చేసేవారికి పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే అది కుదించి పంపుతుంది. మార్చిన ప్రతి చక్కగా ఆడుతున్నా అసలు ఫైలును వేరొక హార్డ్‌డిస్కులో ఉంచండి, తేదీ, పేరు రాసి.