జ్వరం దిగాక మొదలయ్యే కష్టం

అన్నం ముద్ద కోసం పిల్లాడు చెయ్యి చాస్తాడు. మణికట్టు మెలి తిరుగుతుంది, వేళ్లు కొయ్యబారతాయి, మెడ వెనక్కి లాగేస్తుంది. కంచం ఎదురుగానే ఉన్నా చెయ్యి దాన్ని చేరదు. రాత్రి నిద్రపోయాక మాత్రం అదే ఒళ్లు మెత్తగా సడలిపోతుంది. అందుకే ఇంట్లోవాళ్లు ‘మారాం చేస్తున్నాడు’ అంటారు, ఊళ్లోవాళ్లు ‘గాలి సోకింది’ అంటారు. ఇది డిస్టోనియా, అంటే కండరాలు వాటంతట అవే బిగుసుకుపోయే జబ్బు. నిద్రలో తగ్గడం, కంగారుపడితే ఎక్కువవడం ఆ జబ్బు లక్షణమే. దయచేసి ఆ పిల్లల్ని తిట్టకండి.

జపనీస్ మెదడువాపు నుంచి బతికి బయటపడ్డవారిలో కొందరి బతుకు ఇలాగే ఉంటుంది. కొంగల్లో, పందుల్లో పెరిగే వైరస్‌ను వరి మడుల్లో పుట్టే క్యూలెక్స్ దోమ మనిషికి ఎక్కిస్తుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. మన దేశంలో మనుషుల్లో దీన్ని తొలిసారి 1955లో వెల్లూరులో గుర్తించారు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను వణికించింది. వైరస్ సోకినవారిలో అత్యధికులకు ఏమీ కాదు. మెదడుకు ఎక్కితే మాత్రం 100 మందిలో 30 మంది దాకా చనిపోవచ్చు.

మిగిలినవారిలో కదలికలే ఎందుకు దెబ్బతింటాయి? ఈ వైరస్ ఎక్కువగా థలామస్, బేసల్ గాంగ్లియా, సబ్‌స్టాన్షియా నైగ్రా అనే మెదడు లోపలి భాగాలను పట్టుకుంటుంది. ఏ కండరం ఎప్పుడు బిగియాలో, ఎప్పుడు వదలాలో చూసుకునేవి అవే. డోపమైన్ అనే రసాయనం తయారయ్యే నైగ్రా దెబ్బతింటే, పెద్దవయసులో రావాల్సిన పార్కిన్సన్ లక్షణాలు బడికెళ్లే పిల్లల్లో కనిపిస్తాయి: రెప్ప వాల్చని చూపు, భావం లేని ముఖం, చొంగ, అడుగు తీసి అడుగు వేయలేని నడక.

చావుల లెక్క పత్రికల్లో వస్తుంది. డిశ్చార్జి కాగితంతో ఇంటికొచ్చిన పిల్లల లెక్క ఎవరూ అడగరు. ఇది అన్యాయం. వైరస్‌ను చంపే మందు నేటికీ లేకపోయినా, ఈ బిగుతుకు వైద్యం ఉంది. ట్రైహెక్సీఫెనిడిల్, బాక్లోఫెన్, కొందరికి లెవోడోపా పనిచేస్తాయి. ఒక్కచోటే బిగుసుకుంటే బొటులినమ్ ఇంజెక్షన్ ఇస్తారు. వీటన్నిటికీ తోడు ఫిజియోథెరపీ ఆగకూడదు. ఆపితే కీళ్లు ఆ వంకరలోనే ఉండిపోతాయి. నెలల తరబడి మెల్లగా కోలుకునే పిల్లలున్నారు. మింగడం కష్టమైన బిడ్డకు పడుకోబెట్టి తినిపించొద్దు, పొలమారితే ప్రాణం మీదికొస్తుంది.

నివారణ మన చేతుల్లోనే ఉంది. కోలార్‌లో దొరికిన వైరస్ రకంతో హైదరాబాద్ సంస్థ భారత్ బయోటెక్ తయారుచేసిన టీకా 2013లో వచ్చింది. వ్యాధి ఉన్న జిల్లాల్లో ప్రభుత్వమే పిల్లలకు 9 నెలలు నిండాక ఒకసారి, 16–24 నెలల మధ్య రెండోసారి ఉచితంగా టీకా వేయిస్తోంది. మీ జిల్లాలో వేస్తున్నారేమో ఆశా కార్యకర్తను అడగండి. ఇప్పటికే దెబ్బతిన్న బిడ్డ ఉంటే న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్లండి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ గురించి వాకబు చేయండి, వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టండి.