వైరా? వైర్‌లెస్సా? మీ ఇంటికేది నప్పుతుంది?

ఇంటికి ఇంటర్నెట్ పెట్టించుకోగానే పని అయిపోయిందనుకుంటాం. కానీ హాల్లో ఉన్న పెట్టె నుంచి వెనకగదిలో చదువుకునే పిల్లల దాకా అదెలా చేరాలన్నదే అసలు సమస్య. హాల్లో పరుగెత్తే నెట్ పడగ్గదికెళ్ళేసరికి కుంటుతుంది. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో ఆగిపోతే ఏడాది చదువంతా ఏమైపోతుందోనని బెంగ. వెంటనే మగవాళ్ళు "ఇంకా పెద్ద ప్లాన్ తీసుకుందాం" అంటారు. నెలనెలా అదనంగా డబ్బు పొయ్యడానికి ముందు లోపమెక్కడుందో చూసుకోవద్దూ?

ఇంట్లో మిగతావాళ్ళు ఎవరూ నెట్ వాడని సమయంలో లాప్‌టాప్‌ను రౌటరుకి వైరుతో కలిపి స్పీడు చూడండి. తర్వాత వైరు తీసేసి, వెనకగదిలో కూర్చుని వై-ఫై మీద మళ్ళీ చూడండి. వైరుతో నిండుగా వచ్చి, గదిలో తగ్గిపోతే కనెక్షన్ బాగానే ఉన్నట్టు. అడ్డంకి మన ఇంట్లోనే ఉంది. ప్లాన్ మార్చినంత మాత్రాన అది తొలగదు.

కాంక్రీటు గోడలు, ఇనప బీరువా, నిలువుటద్దం, ఇవన్నీ వై-ఫైకి అడ్డే. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇంచుమించు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది కనుక, అది నడుస్తున్నంతసేపూ ఆ బ్యాండు మీదున్న ఫోన్లు తడబడొచ్చు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండుకి ఆ బెడద లేదు, వేగమూ ఎక్కువే. కాకపోతే గోడలు దాటడంలో నీరసం. అందుకే రౌటర్ని టీవీ వెనకాల దాచకుండా, వీలైనంతవరకు ఇంటికి మధ్యగా, కాస్త ఎత్తులో పెట్టండి.

ఇంకో సంగతి. వీధి కుళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టినట్టు, వై-ఫై మీదున్నవన్నీ వంతులవారీగా మాట్లాడుకోవాల్సిందే. వైరుకి ఆ వరసతో పనిలేదు. గోడలూ, ఓవెన్లూ దాన్ని ఏమీ చెయ్యలేవు. క్యాట్ 5ఇ రకం వైరు 100 మీటర్ల దాకా 1000 ఎంబీపీఎస్ మోస్తుంది. అయితే కొన్ని చవక రౌటర్ల పోర్టులు 100 దాటవు, చూసి కొనండి. వైరు కూడా రాగిపూత వేసిన అల్యూమినియం కాకుండా, అసలు రాగిదే అడిగి తీసుకోండి.

మరి ఏది మేలంటారా? కదలనివాటికి వైరు, కదిలేవాటికి వై-ఫై! టీవీ, డెస్క్‌టాప్, పరీక్ష రాసే లాప్‌టాప్ వైరు మీదుంటే వరసలో మూడు బిందెలు తగ్గినట్టే. ఫోన్లకీ హాయి. అద్దింట్లో గోడలు తవ్వక్కర్లేదు, గోడవారగా క్లిప్పులు కొట్టించి వైరు లాగితే చాలు. సొంతిల్లు కట్టుకునేవారు గోడలకి ప్లాస్టరింగ్ కాకముందే ప్రతి గదికీ విడిగా పైపు వేయించుకోండి. కరెంటు తీగలున్న పైపులోనే దీన్నీ దూర్చేస్తానని ఎలక్ట్రీషియన్ అంటే మాత్రం ఒప్పుకోకండి, ప్రమాదం!

అన్నట్టు, కరెంటు పోతే వైరైనా, వై-ఫై అయినా రౌటరు ఆగిపోతుంది. ఇన్వర్టరు లేనివారు రౌటరుకి సరిపడే చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి. వై-ఫైకి డబ్ల్యూపీఏ2 గానీ, డబ్ల్యూపీఏ3 గానీ పెట్టించి, పెట్టెతో పాటు వచ్చిన పాస్‌వర్డు మార్చెయ్యండి. పిల్లల పుట్టినతేదీలు మాత్రం వద్దు సుమా, అవి చుట్టుపక్కల అందరికీ తెలిసినవే!