నడినెత్తిన గవాక్షం

పసికందుకు నీళ్ళు పోసేముందు నడినెత్తిన మెత్తగా కొట్టుకొనే చోటును తడిమి ఆముదం అద్దడం తెలుగింటి పెద్దలకు పరిపాటి. ఆ చోటునే మాడు అంటారు. కపాలపు ఎముకలు ఇంకా కలియని ఆ సందు సాధారణంగా ఏడాదిన్నరలోగా పూడుకొంటుంది. నెలలు నిండని శిశువు మెదడును చూచుటకు వైద్యునికి అదే గవాక్షమైనది.

32 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డ మెదడులో, ద్రవంతో నిండిన కుహరాల అంచున, సుకుమారమైన కణజాలం ఒకటి ఉంటుంది. దాని రక్తనాళాల గోడలు బహు పలుచన. ఊపిరి సరిగా ఆడకపోయినా, రక్తపుపోటు ఒక్కసారి మారినా అవి చిట్లవచ్చును. ఈ రక్తస్రావంలో అధికభాగం మొదటి మూడు దినాలలోనే జరుగుతుంది. పెక్కుసార్లు పైకి ఏ చిహ్నమూ కానరాదు.

1978లో అమెరికా వైద్యులు 1,500 గ్రాములకన్న తక్కువ బరువుగల 46 మంది శిశువులను సీటీ యంత్రంతో పరీక్షించగా, 20 మందిలో రక్తస్రావం బయటపడినది. దాని తీవ్రతను వారు నాలుగు తరగతులుగా విభజించారు. కాని అంతటి పసిగుడ్డును యంత్రం వద్దకు మోసుకొనిపోవడం ఎట్లు? 1979లో లండను పరిశోధకులు అల్ట్రాసౌండుతో ఈ హానిని గుర్తించవచ్చునని చూపారు. కొద్దికాలానికే మాడుపై పరికరాన్ని ఆనించే పద్ధతి స్థిరపడినది.

మన చెవి సెకనుకు 20,000 కంపనాలకు మించిన ధ్వనిని వినలేదు. ఈ పరికరపు ధ్వనికి కంపనాలు అరకోటికి పైమాటే. మెదడు పొరలను తాకి మరలివచ్చే ప్రతిధ్వని తెరపై చిత్రమవుతుంది. ద్రవం నల్లగా, క్రొత్తగా కారిన నెత్తురు తెల్లగా అగపడతాయి. ఎక్స్‌రే కిరణాలు లేవు. బిడ్డను పడక నుండి కదల్చనక్కరలేదు.

చూచినంతమాత్రాన నెత్తురు ఆగదు. అయితే మొదటి రెండు తరగతుల బిడ్డలలో పెక్కుమంది చక్కగా ఎదుగుతారు. తక్కినవారిలో కుహరాలు ఉబ్బవచ్చును, కాలుచేతులు బిగుసుకొనవచ్చును. పలుమార్లు చిత్రం తీసి చూస్తే చికిత్సకు తగిన వేళ తెలుస్తుంది.

కోదాడ హైదరాబాదు, విజయవాడల నడిమి రహదారిపై ఉన్నది. హైదరాబాదు సుమారు 180 కిలోమీటర్లు. విజయవాడ అందులో సగానికి కొంచెం ఎక్కువ. 2019లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసిన సూర్యాపేట ఇంకా చేరువ. పుట్టిన తరువాత దూరం తరలించిన పసికందులలో ఈ రక్తస్రావం హెచ్చుగా కనబడుతుంది. కనుక అకాలంలో నొప్పులు మొదలైనప్పుడు, వ్యవధి ఉంటే, తల్లినే ముందుగా పెద్ద ఆసుపత్రికి చేర్చడం మేలు. ఏ వాహనమూ గర్భానికి సాటిరాదు. తల్లికిచ్చే స్టీరాయిడ్ సూది శిశువు ఊపిరితిత్తులకు బలమిస్తుందని 1972లో న్యూజిలాండు వైద్యులు లిగ్గిన్స్, హోవీ నిరూపించారు. ఆ సూది మెదడులోని రక్తస్రావాన్నీ తగ్గిస్తుంది.

కలం పట్టుటకు వ్రేళ్ళు వంగని బాలుడు, అడుగు తడబడే బాలిక ఏ తరగతిలోనైనా ఉండవచ్చును. మందలించుటకు ముందు ఉపాధ్యాయుడు తల్లిని ఒక్క మాట అడగవలెను: ఈ బిడ్డ ఎన్నో నెలలో పుట్టినది? ఆ జవాబు బెత్తాన్ని ప్రక్కన పెట్టించి, బిడ్డను వైద్యుని వద్దకు చేర్చవచ్చును.