స్టోరు బియ్యం కరగదు, పింఛను డబ్బు కరుగుతుంది

ధరలు మండినప్పుడల్లా పాలకులు చెప్పే మాట ఒకటుంది: పేదలకు ఇంత ఇస్తున్నాం కదా అని. ఇస్తున్నారు, కాదనం. ఏ రూపంలో ఇస్తున్నారు? కోయిలకుంట్ల పల్లెల్లో కూలి సంసారం నడిచేదీ, కుంటుపడేదీ దాని మీదే.

స్టోరు బియ్యం సంగతి చూడండి. 1983లో ఎన్‌.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు ఇచ్చింది. 1996లో మూడున్నర చేశారు. 2008లో మళ్లీ రెండు, 2011లో రూపాయి, 2023 జనవరి నుంచి ఉచితం. మనిషికి నెలకు 5 కిలోల లెక్కన నలుగురున్న ఇంటికి 20 కిలోలు. అంగట్లో కిలో 40 ఉన్నా, 60కి ఎక్కినా ఆ 20 కిలోలు 20 కిలోలే. ధర పెరిగేకొద్దీ ఆ సాయం విలువా పెరుగుతుంది.

నగదు అట్లా కాదు. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 2007లో 200 రూపాయలు. 80 ఏళ్లు నిండనివారికి నేటికీ అదే 200! రాష్ట్రం 2024లో మొత్తం 4,000 చేసింది గనుక ముసలోళ్లకు కాస్త ఊపిరాడుతోంది. అదైనా ఎన్నికల వాగ్దానంతో కదిలిందే, ధరల లెక్కతో కాదు. (పింఛను తగాదా ఈ ఊరికి కొత్తదేమీ కాదు. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడటానికి వెనకున్న కారణాల్లో అదీ ఒకటి.)

ఇక కరువు పని. ఉపాధి హామీ కూలి మన రాష్ట్రంలో 2024-25లో 300, 2025-26లో 307. ఏడంటే ఏడు రూపాయలు! ఆ పెంపు కట్టింది 1986-87 మూలసంవత్సరంగా ఉన్న వ్యవసాయ కూలీల ధరల సూచికతో. సెల్‌ఫోను రీచార్జి ఆ లెక్కలో యాడుంటుంది? 2025 డిసెంబరులో ఆ చట్టం స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసి 125 రోజులంది, ఖర్చులో నూటికి 40 వంతులు రాష్ట్రం నెత్తిన పెట్టింది.

శనగలు పండే నల్లరేగడి ఇది. అయినా కూలి ఇంట్లో బ్యాళ్లు, నూనె అంగట్లో కొనాల్సిందే. 2013 ఆహార భద్రతా చట్టం హామీ ఇచ్చింది తిండిగింజలకే. వట్టి అన్నం ఎట్లా దిగుతుంది?

కేంద్ర ఉద్యోగులకు కరువుభత్యం ఏటా రెండుమార్లు సవరిస్తారు, మంచిదే. కూలి రేటునూ, పింఛనునూ అట్లాగే ఆరు నెలలకోసారి ధరల సూచికతో పెంచాలి. బ్యాళ్లు, నూనె, జొన్నలు కార్డు మీద నెలనెలా ఇవ్వాలి. వచ్చే గ్రామసభలో కూలీలు ఈ రెండూ తీర్మానంగా రాయించాలి.