పాత యుద్ధ విమానాలు, సిమ్యులేటర్‌లో వాటి ప్రతిరూపాలు: పోలికలు, తేడాలు

వడమాలపేట: తిరుపతి జిల్లా వడమాలపేట మండలం గుండా సాగే రేణిగుంట–అరక్కోణం రైలు మార్గానికి దక్షిణపు కొసన, తమిళనాడు భూభాగంలో, భారత నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.ఎస్. రాజాళి విమాన స్థావరం కలదు. 1992లో ప్రారంభమైన ఈ స్థావరం నుండి టి.యు.-142ఎం గస్తీ విమానాలు 2017 మార్చి వరకు సేవలందించాయి. 1988లో నౌకాదళంలో చేరిన ఈ విమానాలు 29 సంవత్సరాలలో ఒక్క ప్రమాదానికీ గురికాకుండా సుమారు 30 వేల గంటలు ఎగిరాయి. వాటిలో ఒకటి నేడు విశాఖపట్నం బీచ్ రోడ్డులో ప్రదర్శనశాలగా రూపొందింది. 2017 డిసెంబరు 7న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ దీనిని ప్రారంభించారు.

సుమారు 53 మీటర్ల పొడవు, 50 మీటర్ల రెక్కల విస్తారం గల ఈ విమానం లోపలికి సందర్శకులు ప్రవేశించి చూడవచ్చు. ఇదే విమానం ‘డి.సి.ఎస్. వరల్డ్’ అనే యుద్ధ విమాన సిమ్యులేటర్‌లోనూ దర్శనమిస్తుంది. అయితే అక్కడ దానిని నడిపేది కంప్యూటరే గాని ఆట ఆడే వ్యక్తి కాదు. సిబ్బంది ఆసనాలు గాని, జలాంతర్గాములను పసిగట్టే పరికరాలు గాని అతనికి అందుబాటులో ఉండవు. తెరపై కనిపించేది కేవలం బాహ్యాకృతి. అన్ని విమానాలనూ సిమ్యులేటర్ ఒకే శ్రద్ధతో పునఃసృష్టించదన్న సంగతి ఇందువల్ల తెలియవస్తున్నది.

ఇందుకు భిన్నమైన ఉదాహరణ మిగ్-21. 1963లో భారత వైమానిక దళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు అందుకున్న ఈ విమానానికి చెందిన ‘బిస్’ రకం 2014లో డి.సి.ఎస్.లో విడుదలైంది. ఇందులో కాక్‌పిట్ ప్రతిరూపం అత్యంత సూక్ష్మంగా ఉంటుంది. బ్యాటరీ, జనరేటర్లు, ఇంధన పంపుల స్విచ్‌లను వరుస తప్పకుండా వేస్తేనే ఇంజను మొదలవుతుంది. విమానం అదుపు తప్పి సుడి తిరిగినపుడు నియంత్రణ కర్రను సరిగ్గా మధ్యకు తేవడానికి గుర్తుగా అసలు విమానపు పరికరాల పలకపై గీసిన నిలువు తెల్ల గీత సైతం ఇందులో ఉంటుంది.

దిగే సమయంలో విమానం ప్రవర్తనను కూడా ఇది చాలావరకు పట్టుకున్నది. మిగ్-21 రెక్కలు చిన్నవి కావడంతో గంటకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో నేలను తాకవలసి ఉంటుంది. ఈ వేగాన్ని కొంత తగ్గించేందుకు బిస్ రకంలో ఇంజను నుండి గాలిని మళ్లించి రెక్కల ఫ్లాపులపైకి ఊదే ఏర్పాటు చేశారు. పైలట్ తొందరపడి ఇంజను శక్తిని తగ్గించినట్లయితే ఈ గాలి తగ్గి విమానం హఠాత్తుగా క్రిందికి జారుతుంది. పుస్తకంలో చదివినపుడు సులభంగా మరచిపోయే ఈ విషయం సిమ్యులేటర్‌లో రెండు మూడుసార్లు విఫలమైన వారికి బాగా గుర్తుండిపోతుంది.

అయితే శరీరంపై పడే భారాన్ని ఇంటిలోని కుర్చీ చూపలేదు. 7 ‘జి’ల మలుపులో 70 కిలోల మనిషికి తన బరువు 490 కిలోలుగా తోస్తుంది, రక్తం కాళ్లవైపు దిగి చూపు మసకబారుతుంది. సిమ్యులేటర్‌లో తెర అంచులు నల్లబడతాయి, అంతే. ప్రమాదం జరిగితే మీట నొక్కి మళ్లీ మొదలు పెట్టవచ్చు. యథార్థంలో ఆ అవకాశం లేదు. 1971-72 నుండి 2012 ఏప్రిల్ వరకు అన్ని రకాల మిగ్ విమానాలకు 482 ప్రమాదాలు జరిగి, 171 మంది పైలట్లు, 39 మంది పౌరులు మరణించినట్లు నాటి రక్షణ మంత్రి శ్రీ ఎ.కె. ఆంటోనీ 2012లో పార్లమెంటుకు తెలిపారు. 2008లో బీదర్‌లో హాక్ శిక్షణ విమానాలు ప్రవేశించే వరకు, కిరణ్ వంటి నిదానమైన శిక్షణ విమానం నుండి నేరుగా మిగ్-21కు మారవలసి రావడం యువ పైలట్లకు పెద్ద సవాలుగా ఉండేది.

పాత్రికేయులు, అధికారులు ప్రత్యేకంగా గమనించవలసిన అంశం మరొకటి కలదు. సిమ్యులేటర్ శరీరానుభవాన్ని ఇవ్వలేకపోయినా, బయటి నుండి కనిపించే దృశ్యాన్ని మాత్రం నమ్మదగినంతగా ఇస్తుంది. చిక్కు ఇక్కడే వస్తున్నది. 2019లో బాలాకోట్ దాడి దృశ్యాలంటూ ‘ఆర్మా 2’ ఆటలోని భాగం ప్రచారమైంది. 2022 ఫిబ్రవరిలో ‘కీవ్ భూతం’ అనే పైలట్ శత్రు విమానాన్ని కూల్చిన దృశ్యంగా వ్యాపించిన వీడియో డి.సి.ఎస్.లో తయారైనది, ఆ పైలట్ ఒక కల్పిత వీరుడని ఉక్రెయిన్ వైమానిక దళమే అదే ఏడాది ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. 2025 మే నెలలో భారత్–పాకిస్తాన్ సైనిక ఘర్షణ రోజులలో ‘ఆర్మా 3’ దృశ్యాలు సామాజిక మాధ్యమాలలో చక్కర్లు కొట్టాయి.

ఆర్మా నిర్మాతలైన చెక్ దేశపు బొహీమియా ఇంటరాక్టివ్ సంస్థ 2022 నవంబరులో ఇటువంటి వీడియోల గుర్తులను స్వయంగా వివరించింది. చిత్రం నాణ్యత బాగా తక్కువగా ఉండటం, కెమెరా అదేపనిగా వణకడం, రాత్రి దృశ్యం కావడం, శబ్దం లేకపోవడం, కదిలే మనుషులు కనిపించకపోవడం వాటిలో ముఖ్యమైనవి. ఆట లోపాలు బయటపడకుండా మరుగుపరచేవి కూడా ఇవే.

వీటికి తోడు విమాన పరిజ్ఞానం కూడా ఉపకరిస్తుంది. వైమానిక దళం చివరి వరకు నడిపిన మిగ్-21 బైసన్‌లో కొత్త రాడార్‌తో పాటు, పైలట్ కళ్ల ఎదుట సమాచారం చూపే అద్దపు తెరను అమర్చారు. డి.సి.ఎస్.లోని బిస్‌కు పాత గురిచూపు పరికరమే ఉంటుంది. బైసన్ కాక్‌పిట్ నుండి తీసినదంటూ వచ్చిన దృశ్యంలో ఆ పాత పరికరం కనిపించినట్లయితే దానిని ప్రచురణకు స్వీకరించే ముందు ఆగవలసి ఉంటుంది. వీడియోలోని ఒక చిత్రాన్ని వేరుచేసి ఇంటర్నెట్‌లో చిత్రాల ద్వారా వెదికితే చాలాసార్లు ఏళ్ల క్రితం పెట్టిన మూల వీడియో దొరుకుతుంది. కేంద్ర ప్రభుత్వానికి సంబంధించిన అంశాలలో, 2019లో ఏర్పాటైన పత్రికా సమాచార కార్యాలయపు ఫ్యాక్ట్ చెక్ విభాగానికి అనుమానాస్పద దృశ్యాలను పంపి నిర్ధారించుకోవచ్చు.