ప్రయాణికుల్లో అంతుచిక్కని జ్వరం: దర్యాప్తు ఎక్కడ మొదలవుతుంది?

అమలాపురం, రాజోలు, నరసాపురం ప్రాంతాల నుంచి పనికోసం గల్ఫ్ వెళ్లినవారు ఎందరో మీకు తెలుసు. రెండేళ్లు కువైట్‌లో పనిచేసి కోనసీమకు తిరిగివచ్చిన ఒక మహిళకు జ్వరం వచ్చిందనుకుందాం. ఊళ్లోని ఆర్‌ఎంపీ విడాల్ పరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నాడు. మందులు వాడినా జ్వరం తగ్గలేదు. ఇరుగుపొరుగు మాత్రం "గల్ఫ్ నుంచి ఏదో తెచ్చింది" అని తేల్చేశారు. ఈ రెండు తీర్పుల్లోనూ లోపం ఒకటే. ఆమెను తేదీలు ఎవరూ అడగలేదు.

సూక్ష్మజీవి శరీరంలో ప్రవేశించిన నాటి నుంచి లక్షణాలు కనిపించే వరకు పట్టే వ్యవధిని పొదుగుదల కాలం అంటారు. డెంగీకి ఇది 3 నుంచి 14 రోజులు. 2012లో సౌదీ అరేబియాలో తొలిసారి గుర్తించిన మెర్స్‌కు 2 నుంచి 14 రోజులు. టైఫాయిడ్‌కు సాధారణంగా 6 నుంచి 30 రోజులు. ఫాల్సిపేరం మలేరియాకు కనీసం వారం పడుతుంది. ఇప్పుడు మీరే లెక్క వేయండి. విమానం దిగిన 20వ రోజున జ్వరం మొదలైతే, అది గల్ఫ్ నుంచి వచ్చిన డెంగీ గానీ మెర్స్ గానీ కాదు. డెంగీయే అని తేలితే ఆ దోమ మన కాలవగట్టు ఊళ్లలోనే కుట్టి ఉండాలి.

మలేరియా అని తేలితే? కువైట్‌లో మలేరియా స్థానికంగా వ్యాపించదు. కాబట్టి, వచ్చాక రంపచోడవరం వైపు బంధువుల ఇంటికి వెళ్లారా అని అడగాలి. ఏజెన్సీలో మలేరియా పాత సమస్యే. వైవాక్స్ రకమైతే మరో చిక్కుంది. అది కాలేయంలో నెలల తరబడి, అరుదుగా ఏళ్లపాటు, నిద్రాణంగా ఉండి తిరగబెడుతుంది. అందుకని ప్రయాణానికి ముందు వచ్చిన జ్వరాల గురించి కూడా అడగాలి. ఊరంతా రోగం తెచ్చిందన్న మనిషికి అది ఇక్కడే అంటి ఉండవచ్చు.

తేదీల తర్వాత పని. నా విద్యార్థుల్లో చాలామంది "గల్ఫ్‌లో పని" అని రాసి ఊరుకునేవారు. నేను మార్కులు వేసేవాణ్ణి కాదు. ఇంటిపనా, ఎడారిలో ఒంటెల కాపలానా? మెర్స్ వైరస్ ఒంటెల నుంచి మనిషికి సోకుతుంది. ఒంటెను చూడనివారికీ, రోజూ పాలు పితికినవారికీ ప్రమాదం ఒకటి కాదు.

ఇవన్నీ అడిగినా తెలిసిన రోగాల్లో ఏదీ సరిపోకపోవచ్చు. అప్పుడు అదే దారిలో వెళ్లివచ్చిన మిగతావారిని వెతకాలి. 2011లో మలేసియాలోని టియోమన్ దీవి నుంచి ఐరోపాకు తిరిగివెళ్లిన కొందరికి జ్వరం, తీవ్రమైన కండరాల నొప్పులు వచ్చాయి. రక్తంలో ఇసినోఫిల్ కణాలు పెరిగాయి. పంది మాంసం వల్ల వచ్చే ట్రైకినెల్లా అనుకుంటే పరీక్షలు కాదన్నాయి. ఏ ఆసుపత్రికి ఆ ఆసుపత్రిలో అది ఒకరిద్దరి వింత జ్వరం మాత్రమే. ప్రయాణికుల వ్యాధులను గమనించే జియోసెంటినెల్ అనే అంతర్జాతీయ వైద్యకేంద్రాల వ్యవస్థలో వివరాలు ఒకచోట చేరాకే దీవి పేరు బయటపడింది. కండరాల ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే సార్కోసిస్టిస్ అనే పరాన్నజీవి తిత్తులు కనిపించాయి. మనుషుల కండరాల్లో అంతవరకు చాలా అరుదుగా కనిపించిన జీవి అది.

మన దగ్గరి ఉదాహరణ 2021 డిసెంబరు నాటిది. కువైట్ నుంచి తూర్పు గోదావరికి వచ్చిన ఒక మహిళకు కోవిడ్ పాజిటివ్ వచ్చింది. ఆర్‌టీపీసీఆర్ అంతవరకే చెబుతుంది. విదేశాల నుంచి వచ్చినవారి పాజిటివ్ నమూనాలను జన్యుక్రమ పరిశీలనకు పంపాలన్న నియమం ఉండబట్టి, నెల క్రితమే ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరుపెట్టిన ఒమిక్రాన్ ఇక్కడికీ చేరిందని తెలిసింది.

అయితే అడిగిన వెంటనే అందరూ చెప్పరు. 2020 మార్చిలో గ్రామ వాలంటీర్లు విదేశాల నుంచి వచ్చినవారి వివరాల కోసం ఇల్లిల్లూ తిరిగిన రోజులు గుర్తు తెచ్చుకోండి. వెలివేస్తారన్న భయం ఉంటే రాక తేదీ నాలుగు రోజులు అటూ ఇటూ మారిపోతుంది, పైన వేసిన లెక్క మొత్తం తప్పుతుంది. ఆమెను నలుగురిలో ప్రశ్నించకండి. పక్కన కూర్చోబెట్టి, "ఏ రోజు దిగారమ్మా? దారిలో ఎక్కడైనా ఆగారా?" అని అడగండి. గుర్తులేదంటే పాస్‌పోర్టు మీది ముద్ర చూపించమనండి. ఆ తేదీని ఓపీ చీటీ మీద, జ్వరం మొదలైన తేదీ పక్కనే రాయండి.